ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్‌లో ‘నో సిగ్నల్’: సెకండ్ హ్యాండ్ సీపీయూకి బోర్డు పోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఊరు కావలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఆఫీసు వాడకం నుంచి వచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఒకటి కొన్నారు. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. షాపులో డిస్‌ప్లే చూసుకునే డబ్బు ఇచ్చారు. పినాకిని రైల్లో ఇంటికి తెచ్చి పాత మానిటర్‌కి తగిలిస్తే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’. ఊళ్ళో మెకానిక్ ఒకాయన ఆన్ చేసి చూసి బోర్డు (మదర్‌బోర్డు) పోయింది, మూడున్నర వేలవుతుంది అన్నారు. నిజమేనా అని మీ అనుమానం. పాలిటెక్నిక్ చదివే మీ అబ్బాయి సీపీయూ డబ్బా తెరుస్తానంటున్నాడు, తెరవనివ్వొచ్చా అని రెండో ప్రశ్న.

బోర్డు పోయి ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ మూడున్నర వేలు ఇప్పుడే ఇవ్వకండి. మధ్యాహ్నం షాపులో బాగా పనిచేసి, రాత్రికి ఇంట్లో పనిచేయని డబ్బాలో నేను ముందు చూసేవి రెండే. ఒకటి, ప్రయాణంలో ర్యామ్ (బోర్డు మీది స్లాట్‌లో దిగే మెమరీ పట్టీ) కదిలిందా. రెండు, మానిటర్ కేబుల్ సరైన చోట ఉందా, మధ్యలో కన్వర్టర్ ఏమైనా పెట్టారా. ఈ రెండింటితోనే చాలా వరకు తేలిపోతుంది. రెంటికీ పైసా ఖర్చు లేదు.

అబ్బాయిని తెరవనివ్వండి. కాకపోతే ఒక్క జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళు డబ్బా పక్క మూత మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు. అది చిరిగితే టెస్టింగ్ వారంటీ (కొన్నాక పరీక్షించుకోవడానికి ఇచ్చే కొద్ది రోజుల గడువు) ఇవ్వరు. స్టిక్కర్ ఉంటే ముందు షాపాయనకి ఫోన్ చేసి, ‘డిస్‌ప్లే రావడం లేదు, ర్యామ్ తీసి పెట్టి చూస్తాం, తెరవమంటారా’ అని అడగండి. ఆయన కూడా తెరవమనే అంటాడు, ఎందుకంటే ఇది ర్యామ్ కదలడం వల్లే కావచ్చని ఆయనకీ తెలుసు. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. తర్వాత మాట మారకుండా ఉంటుంది.

నేను నెల్లూరులో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. ఈ మధ్య నా బల్ల మీదికి వచ్చేవాటిలో కొత్త అసెంబుల్డ్ సిస్టమ్‌ల కంటే ఇలా కంపెనీల నుంచి బయటికొచ్చిన పాత డబ్బాలే ఎక్కువ. వీటి గురించి మంచి మాటే చెబుతాను. ఇనుము గట్టిగా ఉంటుంది, బోర్డులు నాణ్యంగా ఉంటాయి. అందుకే ‘బోర్డు పోయింది’ అనే మాట వినగానే నాకు నమ్మబుద్ధి కాదు.

మూత తెరవకముందే తేలే విషయాలు

సిస్టమ్ ఆన్ చేసి ఒక నిమిషం ఆగండి. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డ్ లైటు నొక్కినప్పుడల్లా వెలుగుతూ ఆరుతూ ఉంటే, మీ సిస్టమ్ లోపల శుభ్రంగా స్టార్ట్ అయింది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ బాగున్నట్టే. బొమ్మ మానిటర్ దాకా రావడం లేదు, అంతే. అప్పుడు మీ అబ్బాయి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి కేబుల్ సంగతి చూడాలి. లైటు కదలకపోతే మాత్రం లోపల ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

మానిటర్ విషయం. ‘నో సిగ్నల్’ అని రాస్తోంది అంటే మానిటర్ బతికే ఉంది. కానీ అది ఏ దారి చూస్తోందో చూడాలి. మానిటర్ కింద ఉండే బటన్లలో సోర్స్ లేదా ఇన్‌పుట్ అనేది ఉంటుంది. వీజీఏ, హెచ్‌డీఎంఐ అనేవి మానిటర్ కేబుల్ పెట్టే పోర్టుల రకాలు. కేబుల్ వీజీఏలో పెట్టి, మానిటర్ హెచ్‌డీఎంఐ కోసం ఎదురుచూస్తుంటే ఎంతసేపైనా ‘నో సిగ్నల్’ అనే అంటుంది. టీవీకి తగిలించేవాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అదే ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే సంతోషించండి. సిగ్నల్ వస్తోంది, రిజల్యూషన్ కుదరడం లేదు, అంతే.

ఇప్పుడు డబ్బా వెనక్కి రండి. ఆఫీసు డబ్బాల్లో చాలా వాటికి హెచ్‌డీఎంఐ ఉండదు. ఉదాహరణకి డెల్ ఆప్టిప్లెక్స్ 3020లో ఒక వీజీఏ, ఒక డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉంటాయి. డిస్‌ప్లే పోర్ట్ చూడ్డానికి హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది కానీ ఒక మూల మాత్రమే కోసినట్టుంటుంది. దాంతో జనం డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టరో కేబులో కొంటారు. ఇక్కడే చిక్కు. ఆ కేబుళ్ళు ఒక దిశలోనే పనిచేస్తాయి. డబ్బా వైపు డిస్‌ప్లే పోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్‌ని తిప్పి, హెచ్‌డీఎంఐ ఉన్న డబ్బా నుంచి డిస్‌ప్లే పోర్ట్ మానిటర్‌కి పెడితే పనిచేయదు. వీజీఏ, హెచ్‌డీఎంఐ కన్వర్టర్లకీ అంతే. ‘హెచ్‌డీఎంఐ టు వీజీఏ’ వేరు, ‘వీజీఏ టు హెచ్‌డీఎంఐ’ వేరు. చౌకరకం కన్వర్టర్లు కొన్నాళ్ళకే చచ్చిపోతాయి కూడా. కాబట్టి మధ్యలో ఏ కన్వర్టరూ లేకుండా, మీ పాత మానిటర్‌కి వీజీఏ ఉంటే నేరుగా వీజీఏ కేబుల్‌తో ఒకసారి చూడండి. చెన్నై షాపాయన కూడా దాదాపుగా వీజీఏలోనే చూపించి ఉంటాడు.

వీజీఏ కేబుల్ తీసినప్పుడు దాని తలలోని పిన్నులు చూడండి. మూడు వరసలు ఉంటాయి. సామాను మధ్య నలిగి ఏదైనా పిన్ను వంగితే సన్నని ట్వీజర్‌తో మెల్లగా నిలబెట్టవచ్చు. మధ్య వరసలో ఒక పిన్ను లేకపోతే కంగారు పడకండి. తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్ళకి తయారీలోనే ఉండదు. ఆ ఒక్క ఖాళీ చూసి కేబుల్ విరిగిందనుకుని కొత్తది కొనుక్కొచ్చేవాళ్ళు నాకు తరచూ కనిపిస్తారు.

మీ డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా? వెనక కింది భాగంలో అడ్డంగా ఇంకో వరస పోర్టులు కనిపిస్తే కార్డు ఉన్నట్టు. అప్పుడు మానిటర్ కేబుల్ ఆ కార్డులోనే పెట్టాలి. కార్డు పెట్టగానే చాలా ఆఫీసు డబ్బాల్లో బోర్డు మీది పోర్టులు వాటంతట అవే పనిచేయడం మానేస్తాయి.

ఇక మూత తెరిచాక

మొదట కరెంటు ప్లగ్ గోడ నుంచి పూర్తిగా పీకేయండి. స్విచ్ ఆపడం చాలదు. తర్వాత డబ్బా ముందున్న పవర్ బటన్ అరనిమిషం పాటు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఒక్కోసారి ఈ పని ఒక్కటి చేసి మళ్ళీ ఆన్ చేస్తేనే డిస్‌ప్లే వచ్చేస్తుంది. మూత తీసి, లోపల దేన్నైనా ముట్టుకునే ముందు డబ్బా ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

ర్యామ్ దగ్గర తొందరపడొద్దు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

స్లాట్ రెండు చివర్లా ఉండే క్లిప్పులు బయటికి నొక్కి ర్యామ్ తీయండి. కొన్ని బోర్డులకి ఒక చివరే క్లిప్పు ఉంటుంది. ర్యామ్ అడుగున బంగారు రంగు గీతల వరస కనిపిస్తుంది. వెలుతురులో కాస్త వంచి చూడండి. కొత్త ర్యామ్ మీద ఆ గీతలు మిలమిల మెరుస్తాయి. ఏళ్ళ తరబడి ఒకే స్లాట్‌లో ఉన్నదాని మీద మసకగా ఒక పొర, మధ్యలో స్లాట్ స్ప్రింగులు ఆనిన చోట సన్నని గీరలు ఉంటాయి. రైల్లో కుదుపులకి ర్యామ్ వెంట్రుకవాసి కదిలినా చాలు, స్ప్రింగు ఆ శుభ్రమైన గీర మీంచి పక్కనున్న మసక పొర మీదికి జరుగుతుంది. కాంటాక్ట్ పోతుంది. డిస్‌ప్లే రాదు. మన కోస్తాలో గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ కాబట్టి ఆ పొర తొందరగా పడుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మా షాపుకి ఈ రకం కేసులు పెరుగుతాయి.

పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఆ గీతల మీద రెండు వైపులా మెల్లగా రుద్దండి. గట్టిగా గీకొద్దు, బంగారం పూత చాలా పల్చగా ఉంటుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా దులపండి. రుద్దాక ఆ గీతల మీద వేళ్ళు పెట్టొద్దు. స్లాట్‌ని పొడి పెయింట్ బ్రష్‌తో శుభ్రం చేయండి. మెడికల్ షాపులోనో ఎలక్ట్రానిక్స్ షాపులోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఇంకా మంచిది. పెట్రోలు, కొబ్బరినూనె, చేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం వద్దు. శానిటైజర్‌లో గ్లిజరిన్, నీళ్ళు ఉంటాయి. అవి జిగురు పొరగా మిగిలిపోతాయి. కరోనా తర్వాత ఈ అలవాటు ఎక్కడ చూసినా కనిపిస్తోంది.

ఇప్పుడు ఒక్క ర్యామ్ మాత్రమే పెట్టండి. గాడి ఎటుందో చూసుకుని, రెండు బొటనవేళ్ళతో రెండు చివర్లా సమానంగా నొక్కండి. క్లిప్పు ‘టిక్’మని తనంతట తానే మూసుకోవాలి. మనం వేలితో మూస్తే మూసుకున్నట్టు కాదు. ఆన్ చేసి కనీసం ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ర్యామ్ మార్చినప్పుడు కొన్ని బోర్డులు మొదటిసారి ఒకటి రెండు సార్లు తమంతట తామే ఆగి మళ్ళీ లేస్తాయి. అది రోగం కాదు. రాకపోతే ప్లగ్ పీకి, అదే ర్యామ్ పక్క స్లాట్‌లో. తర్వాత రెండో ర్యామ్ మొదటి స్లాట్‌లో. ఇలా ఒక్కో మార్పు విడివిడిగా చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో తెలీదు. మళ్ళీ ఆగినప్పుడు మొదటికే వస్తాం.

‘బోర్డు పోయింది’ అన్నవాళ్ళకి చూపించాల్సిన పరీక్ష

ఇది చాలా మంది చెయ్యరు. నాకైతే ఇది చెయ్యకుండా బోర్డు గురించి ఒక్క మాట మాట్లాడకూడదని పట్టుదల.

ర్యామ్‌లు మొత్తం తీసేయండి. ఖాళీ స్లాట్లతో ఆన్ చేయండి. బీప్ శబ్దం చేస్తే, లేదా పవర్ లైటు ఒక వరసలో మినుకుమినుకుమంటే, బోర్డూ ప్రాసెసరూ బతికున్నట్టే. ‘నాకు ర్యామ్ కనపడటం లేదు’ అని ఫిర్యాదు చేయాలన్నా ప్రాసెసర్ పనిచేయాలి, బయాస్ (సిస్టమ్‌ని మొదట లేపే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) చదవాలి. చచ్చిన బోర్డు ఫిర్యాదు చేయదు. బ్రాండెడ్ డబ్బాల్లో స్పీకర్ లోపలే ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష తేలిక. అసెంబుల్డ్ బోర్డుల్లో చిన్న స్పీకర్ విడిగా తగిలించాలి. అది లేకుండా ‘బీప్ రాలేదు’ అనుకోవడంలో అర్థం లేదు.

బీప్‌లు కంపెనీని బట్టి మారతాయి. ఆ కాలపు డెల్ ఆప్టిప్లెక్స్‌లలో రెండు బీప్‌లు అంటే ర్యామ్ దొరకలేదని, నాలుగు అంటే ర్యామ్ ఉన్నా చదవలేకపోతోందని, అయిదు అంటే బోర్డు మీది చిన్న బ్యాటరీ బలహీనమని, ఆరు అంటే డిస్‌ప్లే భాగమని. పాత హెచ్‌పీ ఆఫీసు డబ్బాల్లో ఎర్ర లైటు అయిదుసార్లు వెలిగి అయిదు బీప్‌లు వస్తే ర్యామ్, ఆరైతే గ్రాఫిక్స్. పాత అవార్డ్ బయాస్ ఉన్న అసెంబుల్డ్ బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు డిస్‌ప్లే కార్డు గురించి. మీ మోడల్ పేరుతో వెతికితే పూర్తి జాబితా కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది. ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెట్టుకోవడం నయం. టెన్షన్‌లో లెక్క తప్పుతుంది.

ఖాళీ స్లాట్లతో బీప్ చేసి, శుభ్రం చేసిన ర్యామ్ పెట్టినా అదే బీప్ చేస్తుంటే ర్యామ్ అయినా పోయి ఉండాలి, ఆ స్లాట్ అయినా. ఎవరి దగ్గరైనా అదే రకం ర్యామ్ అడిగి పెట్టి చూస్తే సగం తేలుతుంది. నాలుగో తరం ఐ5కి డీడీఆర్3 రకం డెస్క్‌టాప్ ర్యామ్ కావాలి. ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, పట్టదు.

ర్యామ్ విషయంలో సెకండ్ హ్యాండ్ బజారులో రెండు మోసాలు ఉన్నాయి. సర్వర్‌ల నుంచి తీసిన డీడీఆర్3 ర్యామ్ మన స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ పనిచేయదు. లేబుల్ మీద 12800 పక్కన ‘యూ’ అక్షరం ఉంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ‘ఆర్’ ఉంటే సర్వర్‌ది. రెండోది, ‘ఏఎండీకి మాత్రమే’ అని చౌకగా అమ్మే 8 జీబీ డీడీఆర్3. అవి ఇంటెల్ బోర్డులో డిస్‌ప్లే ఇవ్వవు. మీది షాపులో పనిచేసింది కాబట్టి ఈ గొడవ ఉండకపోవచ్చు. కానీ రేపు ర్యామ్ పెంచుదామని కొనబోతే గుర్తుంచుకోండి.

బ్యాటరీ, పవర్ తీగలు

బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండేది సీఆర్ 2032 బ్యాటరీ, 3 వోల్టులది. ఇది అయిపోతే మామూలుగా తేదీ, టైము తప్పుతాయి, అంతే. కానీ కొన్ని బోర్డులు మొండికేస్తాయి. ప్లగ్ పీకి, బ్యాటరీ తీసి, పది నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ పెడితే బయాస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. పాత ఆఫీసులో ఎవరో ఏదో సెట్టింగ్ మార్చి పెట్టి ఉంటే అదీ పోతుంది. ఎలాగూ తీశారు కనుక కొత్తది వేసేయండి, కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది.

పవర్ తీగల్లో చూడాల్సింది ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల ప్లగ్. ఇది ఊడినా ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు అందదు. బయటి నుంచి చూస్తే అచ్చంగా మీరు చెప్పిన లక్షణాలే. చేత్తో నొక్కి చూడండి. హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్ తీగలు పీకేయండి, పెన్‌డ్రైవ్‌లు తీసేయండి. బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్, పవర్, మానిటర్. ఈ అయిదుతో డిస్‌ప్లే రావాలి. వస్తే, తీసినవి ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పొండి.

ఎస్‌ఎంపీఎస్ (డబ్బాలోని పవర్ సప్లై) గురించి ఒక అపోహ ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుంది అంటారు. ఫ్యాన్‌కి 12 వోల్టుల లైను చాలు, అది కాస్త తక్కువైనా తిరుగుతుంది. మామూలు రకాల్లో బోర్డుకి 5, 3.3 వోల్టుల లైన్లు కూడా సరిగ్గా ఉండాలి. 12 వోల్టుల లైను 11.4 కంటే దిగకూడదు. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్ళు చూడగలరు, రానివాళ్ళు వేరే ఎస్‌ఎంపీఎస్‌తో పోల్చి చూడటమే దారి. కానీ బ్రాండెడ్ డబ్బాల్లో ఇక్కడో మెలిక ఉంది. డెల్ 3020, 7020, 9020లలో బోర్డుకి వెళ్ళే ప్లగ్ మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు, మధ్యలో మార్పిడి తీగ ఉండాలి. పట్టలేదు కదా అని తీగలు కత్తిరించి అతికించే మహానుభావులు ఉన్నారు. వాళ్ళ దగ్గర్నుంచి డబ్బా తెచ్చేసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. మీ అబ్బాయికి ఇది గట్టిగా చెప్పండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైన ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు మిగిలే ఉంటుంది. వెనక ఎర్ర స్విచ్చు, దాని మీద 115, 230 అని ఉండే పాతరకం అయితే, అది 230 దగ్గరే ఉందో లేదో చూసి వదిలేయండి. 115కి తోస్తే మన కరెంటుకి ఢామ్మంటుంది.

ప్రాసెసర్ తీసి చూడమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడే వద్దు. ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకల్లా ఉంటాయి. ప్రాసెసర్ చేయి జారి పడితే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. ప్రాసెసర్ వేడి బయటికి పోయేందుకు దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే డిస్‌ప్లే రాకపోవడం కాదు, వచ్చాక కాసేపటికి వేడెక్కి ఆగిపోవడం జరుగుతుంది. ఆ రెండూ వేరు. మీ డబ్బా ఆన్ అయ్యి కొన్ని సెకన్లకే ఆగి మళ్ళీ లేస్తూ ఉంటే మాత్రం నాకు చెప్పండి, అది వేరే దారి.

ఇదే ప్రశ్న చదివే ఇతరుల కోసం ఒక ముక్క. మీది విడిగా బోర్డు, ప్రాసెసర్ కొని బిగించింది అయితే ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూడండి. ఐ5-9400ఎఫ్, ఐ3-10100ఎఫ్ లాంటి ‘ఎఫ్’ రకాల్లో డిస్‌ప్లే భాగం ఉండదు. రైజెన్‌లో 1600, 2600, 3600లకీ ఉండదు, 2200జీ, 3200జీ లాంటి ‘జీ’ రకాలకి ఉంటుంది. జియాన్ ఈ3-1230 రకాలకీ లేదు. ఇవి ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు లేకుండా బోర్డు పోర్టులోంచి బొమ్మ రమ్మంటే రాదు. హెచ్110 బోర్డులో ఏడో తరం ప్రాసెసర్ పెట్టినవాళ్ళు బయాస్ అప్‌డేట్ అయిందో లేదో అమ్మినవాళ్ళని అడగాలి.

నా బల్ల మీదికి వచ్చిన రెండు

బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి ఒక సీపీయూ వచ్చింది. మీకు చెప్పినట్టే వాళ్ళకీ బోర్డు పోయిందని ఎవరో చెప్పారు. మూత తీస్తే ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్ సింక్ రెక్కల మధ్య తవుడు కూరేసినట్టు గట్టిగా పట్టేసింది. ర్యామ్ స్లాట్ గాడిలో కూడా తవుడే, అందులో ముక్క పురుగులు. తవుడులో నూనె ఉంటుంది కదా, తేమ తోడై అది అట్టకట్టింది. బ్లోయర్ కొడితే పోలేదు. బ్రష్, ఆల్కహాల్‌తో ఓపిగ్గా తీయాల్సి వచ్చింది. ర్యామ్ పెట్టి నొక్కినప్పుడు క్లిప్పు ‘టిక్’మంది. అంతకుముందు అట్ట అడ్డుపడి అది పూర్తిగా దిగనే లేదు. డిస్‌ప్లే వచ్చింది. ఆ డబ్బా వెనక ఖాళీ స్లాట్ల మూతరేకులు రెండు లేవు. అక్కడ రేకులు బిగించి పంపాను. మీదీ చూసుకోండి, ఆ సందుల్లోంచే బల్లులూ బొద్దింకలూ దూరతాయి. బల్లి ఎస్‌ఎంపీఎస్‌లోకి పోతే అదీ పోతుంది, ఎస్‌ఎంపీఎస్సూ పోతుంది.

రెండోది నిజంగా బోర్డు పోయిన కేసు. అల్లూరు వైపు సముద్రానికి దగ్గర్లో రొయ్యల చెరువుల లెక్కలు చూసుకునే చిన్న ఆఫీసు. కిటికీ పక్కనే డబ్బా. ర్యామ్ తీసేస్తే బీప్ లేదు, బ్యాటరీ మార్చినా, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టినా చలనం లేదు. టార్చి వేసి చూస్తే బోర్డు మీద ఒక మూల, చిన్న భాగాల కాళ్ళ చుట్టూ, పచ్చగా చిలుము. రాగి తీగలు కొన్ని చోట్ల తినేసి ఉన్నాయి. అది బాగుచేయడానికి అయ్యే ఖర్చుకి ఇంకో పాత డబ్బా వస్తుంది. హార్డ్ డిస్క్ తీసి లెక్కలు వాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను, బోర్డు వదిలేయమన్నాను. బోర్డు పోయిందని చెప్పాలంటే ఇలా ఏదో ఒకటి కంటికి కనపడాలి, లేదా మిగతావన్నీ మార్చి చూసినా స్పందన ఉండకూడదు. ఆన్ చేసి, తెర చూసి, చెప్పేసేది కాదు.

పైవన్నీ చేసినా రాకపోతే

కావలిలోనే ఇంకో మెకానిక్‌కి చూపించండి. మానిటర్ మోసుకుపోనక్కర్లేదు, సీపీయూ చాలు, దాంతో పాటు మీ కేబుల్ తీసుకెళ్ళండి. మీ కళ్ళముందు రెండు పనులు చేయమని అడగండి. మీ ర్యామ్ ఆయన సిస్టమ్‌లో పెట్టి చూడాలి, ఆయన ర్యామ్ మీ సిస్టమ్‌లో పెట్టి చూడాలి. నిజాయితీగా పనిచేసే వాడికి ఇది అయిదు నిమిషాల పని, విసుక్కోడు. విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఆ తర్వాత కూడా బోర్డే అని తేలితే, బోర్డు మార్పించకండి. ఆ తరం బ్రాండెడ్ బోర్డు కూడా సెకండ్ హ్యాండ్‌దే దొరుకుతుంది, దానికి మళ్ళీ గ్యారంటీ ఉండదు. పైగా నాలుగో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా లేదు, ఎనిమిదో తరం నుంచే ఉంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పాలిటెక్నిక్ కుర్రాడికి సీ ప్రోగ్రాములు, ఆటోక్యాడ్ పాత వెర్షన్, లినక్స్ నేర్చుకోవడానికి ఈ డబ్బా ఎక్కువే, కానీ దాని మీద ఇంకో మూడున్నర వేలు పోసేంత కాదు. టెస్టింగ్ వారంటీ ఉన్నప్పుడే చెన్నై షాపుకి తిరిగి పంపడం మేలు. బిల్లు మీద వారంటీ ఎన్ని రోజులో చూసుకోండి, పరీక్షలన్నీ ఆ గడువు లోపలే చేసేయండి.

తిరిగి తీసుకెళ్ళాల్సి వస్తే, లోపలి బోర్డు నేలకి సమాంతరంగా ఉండేలా డబ్బాని పడుకోబెట్టి తీసుకెళ్ళండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసి విడిగా గుడ్డలో చుట్టండి. బరువైన హీట్ సింక్ నిలబెట్టినప్పుడు ఒక పక్కకి వేలాడుతుంది, పడుకోబెడితే ఆ బాధ ఉండదు. రైల్లో పై బెర్తు మీద కాకుండా సీటు కింద, దుప్పటి పరిచి పెట్టండి.

ఈలోగా ర్యామ్ లేకుండా ఆన్ చేసినప్పుడు వచ్చిన బీప్‌ల వీడియో, డబ్బా వెనక పోర్టుల ఫోటో, మోడల్ స్టిక్కర్ ఫోటో పెట్టండి. క్యాప్స్ లాక్ లైటు వెలిగిందో లేదో కూడా రాయండి. ఆ నాలుగూ ఉంటే ఇంకొంచెం గురి చూసి చెప్పగలను.